అమ్మకు టచ్ బటన్ల పొయ్యి లొంగడం లేదు, ఏం చేయాలి?

సీతమ్మధార నుంచి ప్రశ్న:
అమ్మకు 74 ఏళ్లు. ఆమె కోసం ఇండక్షన్ పొయ్యి కొన్నాం. నల్లటి గాజు మీద అన్నీ టచ్ బటన్లే. నాలుగుసార్లు నొక్కితే గాని వెలగదు. మొన్న పాలు పొంగి పొర్లుతుంటే ఎంత నొక్కినా ఆగలేదు. గిన్నె దింపి, "నాకు మతి పోతోందేమోరా" అంది. ఆ మాట విన్నప్పటి నుంచి మనసు మనసులో లేదు. పొయ్యి మార్చేయమంటారా?

గాజువాక నుంచి జవాబు:
మతి పోలేదండీ. ముందు ఆ మాట అమ్మగారికి చెప్పండి. పొంగిన పాలు బటన్ల మీదకు వచ్చి ఉంటాయి. తడి పడితే ఆ ప్యానెల్ వేలిని గుర్తుపట్టలేదు. అలాంటప్పుడు గోడ దగ్గర స్విచ్ ఆపేయడమే మేలు. వెలిగించడంలో ఇబ్బంది వేరు. వయసుతో వేళ్ల చర్మం పొడిబారుతుంది, పొడి వేలు టచ్ బటన్‌కు సరిగా అందదు. కొనతో పొడవకుండా, వేలి మెత్తని భాగం పూర్తిగా ఆనించి ఒక క్షణం ఉంచమనండి.

ఇక నల్ల గాజు మీద చేతికి ఆనవాలేమీ ఉండదు. ఆన్ బటన్ పక్కన (దాని మీద వద్దు) ఒక బొట్టుబిళ్ల అంటించండి. వారం రోజులకు వేలు అలవాటుగా అక్కడికే వెళ్తుంటే, బిళ్ల తీసి గోళ్ల రంగు చుక్క మీద చుక్క పెట్టి ఎత్తుగా ఆరనివ్వండి. పొయ్యి చల్లగా ఉన్నప్పుడు, ప్లగ్ తీసి మాత్రమే. ఫోను బటన్లలో 5 మీద ఉండే బొడిపెది ఇదే కిటుకు. వేడి తగ్గించే బటన్‌కు రెండు చుక్కలు. మిగతావాటి జోలికి వెళ్లకండి, చుక్కలు ఎక్కువైతే మళ్లీ అయోమయమే.

మార్చక తప్పదనుకుంటే తిప్పే నాబ్ ఉన్న పొయ్యి అడగండి. కొట్టులో అమ్మగారి చేతనే, కళ్లజోడు లేకుండా, వెలిగించి ఆపించి చూడండి.

పెదవాల్తేరు నుంచి:
మా అత్తగారికి వాషింగ్ మెషీన్ కీచుమనే శబ్దం వినబడదు. పెద్దవయసులో ముందు తగ్గేది సన్నని శబ్దాలేనని చెవి డాక్టరు చెప్పారు. గణగణ మోగే గంట టైమరు కొనిచ్చాం, అది పక్క గదిలోకి కూడా వినిపిస్తోంది.

సీతమ్మధార నుంచి:
వేలు ఆనించి ఉంచితే ఒక్కసారికే వెలిగిందండీ! బొట్టుబిళ్ల అమ్మే తన డబ్బాలోంచి తెచ్చి ఇచ్చింది. వాషింగ్ మెషీన్‌కు ఎక్కడ అంటించాలని అడుగుతోంది. దానికి తిప్పే నాబ్ ఉంది.

గాజువాక నుంచి:
నాబ్ అంచున ఒకటి, రోజూ ఉతికే గుర్తు దగ్గర ప్యానెల్ మీద ఒకటి. రెండు చుక్కలూ ఎదురెదురుగా వచ్చేదాకా తిప్పమనండి.