కనీస నిల్వ పేరిట కోతలు: కర్నూలు ఖాతాపై బెంగళూరులో కేసు వేయవచ్చా?

ప్రశ్న (వైట్‌ఫీల్డ్ వాసి):
అందరికీ నమస్కారం. కర్నూలులో ఉద్యోగంలో చేరినప్పుడు ఒక ప్రైవేటు బ్యాంకులో నాకు జీతం ఖాతా తెరిచారు. కంపెనీ మారి బెంగళూరు వచ్చాక అందులో జీతం పడటం ఆగిపోయింది. దానిని మామూలు పొదుపు ఖాతాగా ఎప్పుడు మార్చారో నాకు తెలియజేయలేదు. ఈ మధ్య మా అమ్మగారు అందులో 5,000 రూపాయలు వేస్తే సాయంత్రానికి 1,460 మిగిలాయి. స్టేట్‌మెంటు తీసి చూస్తే, కనీస నిల్వ లేదంటూ నెలకు 500, దానిపై జీఎస్టీ 90 చొప్పున ఆరు నెలలు రాసుకుంటూ పోయి, ఖాతాను మైనస్ 3,540కి దింపి, డబ్బు పడగానే మొత్తం లాగేసుకున్నారు. ఇక్కడి శాఖవారు కర్నూలు శాఖనే అడగమంటున్నారు. ఇంత చిన్న మొత్తానికి కేసు వేయడం సబబేనా? వేస్తే కర్నూలులోనే వేయాలా?

జవాబు (విశ్రాంత బ్యాంకు ఉద్యోగి):
కనీస నిల్వ లేకపోతే రుసుము వేసే హక్కు బ్యాంకుకు ఉంది, దానిపై వాదించి లాభం లేదండీ. అయితే 2015 ఏప్రిల్ 1 నుంచి అమలులో ఉన్న రిజర్వు బ్యాంకు నిబంధన ప్రకారం, నిల్వ తగ్గిందని ఖాతాదారుకు ముందుగా తెలియజేసి, సరిచేసుకోవడానికి నెల గడువు ఇచ్చిన తరువాతే వేయాలి. కేవలం ఈ రుసుము వల్ల పొదుపు ఖాతా మైనస్‌లోకి పోకూడదని కూడా అందులోనే ఉంది. కాబట్టి మైనస్ గుర్తు ఉన్న ఆ పేజీయే మీ దగ్గరున్న అన్నిటికంటే బలమైన కాగితం. లోటుకు తగినంతే రుసుము ఉండాలన్న నియమం కూడా ఉంది గానీ, ఖాతా ఖాళీగా ఉన్నందున అది మీకు అంతగా అక్కరకు రాదు. ఎస్సెమ్మెస్ పంపామని బ్యాంకు తప్పక అంటుంది. ఏ నంబరుకు, ఏ తేదీన పంపారో రాతపూర్వకంగా అడగండి.

జవాబు (జయనగర న్యాయవాది):
కర్నూలు వెళ్లనక్కరలేదు. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం 34వ సెక్షను ప్రకారం ఫిర్యాదుదారు నివసించే చోటగానీ, పనిచేసే చోటగానీ జిల్లా వినియోగదారుల కమిషన్‌లో దాఖలు చేయవచ్చు. 1986 నాటి పాత చట్టంలో ఈ వెసులుబాటు లేదు. సేవకు చెల్లించిన మొత్తం 5 లక్షలు దాటకపోతే ఫీజు ఉండదు, న్యాయవాది లేకుండా మీరే వాదించుకోవచ్చు. వ్యాజ్యకారణం, అంటే కేసుకు దారితీసిన ఘటన, ఏర్పడిన నాటి నుంచి రెండేళ్లలోపు వేయాలి.

ఫిర్యాదు రాసేటప్పుడు ఒక జాగ్రత్త అవసరం. ఖాతా షరతులే అన్యాయమని రాస్తే అది 'అన్యాయమైన ఒప్పందం' కిందికి వస్తుంది, దాన్ని విచారించే అధికారం జిల్లా కమిషన్‌కు లేదు, రాష్ట్ర కమిషన్‌కు వెళ్లాలి. షరతుల జోలికి పోకుండా, నోటీసు ఇవ్వకపోవడాన్నీ, ఖాతాను మైనస్ చేయడాన్నీ సేవాలోపంగా మాత్రమే చూపండి. కమిషన్ నోటీసు అందాక బ్యాంకు 30 రోజుల్లో, మహా అయితే మరో 15 రోజుల్లో జవాబు దాఖలు చేయాలి. ఆ పైన పొడిగించే వీలు లేదని 2020లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తేల్చింది.

జవాబు (యలహంక నుంచి):
న్యాయవాదిగారు చెప్పిన చట్టం సరైనదే గానీ, నేనైతే ముందు కమిషన్‌కు వెళ్లను. బ్యాంకుకు రాతపూర్వకంగా ఫిర్యాదు చేసి, 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు సంతృప్తికరంగా లేకపోయినా రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు (బ్యాంకులపై ఫిర్యాదులు పరిష్కరించే అధికారికి) ఆన్‌లైన్‌లో, పైసా ఖర్చు లేకుండా ఫిర్యాదు చేయవచ్చు. ముందే కమిషన్‌లో కేసు వేస్తే అదే విషయంపై అంబుడ్స్‌మన్ ఫిర్యాదు తీసుకోరు కనుక ఈ వరుస ముఖ్యం. 3,540 రూపాయల కోసం వాయిదాలకు సెలవులు పెట్టడం ఎవరికైనా భారమే.

వైట్‌ఫీల్డ్ వాసి:
అందరికీ ధన్యవాదాలు. ముందు బ్యాంకుకు, తరువాత అంబుడ్స్‌మన్‌కు రాస్తాను. అక్కడ తేలకపోతే కమిషన్‌లో ఎంత పరిహారం కోరవచ్చు?

జయనగర న్యాయవాది:
కోసుకున్న మొత్తం, దానిపై వడ్డీ, ఖర్చులు, మానసిక వేదనకు కొంత పరిహారం కోరండి. లక్షలు అడిగితే బ్యాంకు న్యాయవాది ముందుగా ఆ అంకెనే పట్టుకుంటాడు, అసలు విషయం పక్కకు పోతుంది. అంబుడ్స్‌మన్ దగ్గర ఎంత కాలం పట్టినా ఆ రెండేళ్ల గడువు మాత్రం ఆగదు, మొదటి కోత పడిన తేదీని ఇప్పుడే రాసి పెట్టుకోండి.