ఇంటి పక్క పెరూ హోటల్లో అమ్మానాన్నలకి ఏం ఆర్డర్ చెయ్యాలి? (క్లిఫ్టన్, న్యూజెర్సీ)

తెనాలి_టు_జెర్సీ:

అందరికీ నమస్తే. మేము క్లిఫ్టన్‌లో ఉంటాం, పక్కనే పాటర్సన్, అక్కడ పెరూ వాళ్ళు ఎంతమంది ఉంటారో ఈ చుట్టుపక్కల వాళ్ళకి చెప్పక్కర్లేదు. మా అపార్ట్‌మెంట్‌కి రెండు సందుల అవతల, లాండ్రీకీ మంగలి షాపుకీ మధ్య ఇరుక్కుని ఒక చిన్న పెరూ హోటల్ ఉంది. గట్టిగా పది బల్లలు ఉండవు. అద్దంలోంచి చూస్తే ఊచలకి గుచ్చిన కోళ్ళు వరసగా తిరుగుతుంటాయి, లాండ్రీలో బట్టలు ఆరేలోపు ఆ బొగ్గుల వాసనకి ప్రాణం లాగేస్తది. మూడేళ్ళుగా నేను చేస్తున్నదేంటంటే ఆ వాసన పీల్చుకుని ఇంటికొచ్చి పప్పన్నం తినడం.

ఒక్కసారి మాత్రం ధైర్యం చేసి ఒక్కణ్ణే వెళ్ళా, గోడమీద బోర్డు మొత్తం స్పానిష్, ఏం అర్థం కాక పక్కాయన ప్లేటు వేలుపెట్టి చూపించా, తీరా వచ్చింది చూస్తే ఫ్రైడ్ రైస్! చైనా హోటల్‌కి వచ్చానా ఏంటని ఒకసారి బయటకెళ్ళి బోర్డు చూసొచ్చా నిజంగా.

ఇప్పుడు సమస్య ఏంటంటే అమ్మానాన్న వచ్చారు, ఆరు నెలలు ఉంటారు. నాన్న రోజూ వాకింగ్‌కి వెళ్ళి ఆ అద్దం ముందు నిలబడి కోళ్ళని చూసొస్తున్నాడు, "ఆ కోళ్ళ కొట్టుకి ఎప్పుడు తీసుకెళ్తావురా" అని నస మొదలుపెట్టాడు. ఆయన చికెన్, చేప తింటాడు, బీఫ్ అసలు కుదరదు. అమ్మ పూర్తి వెజ్, గుడ్డు కూడా ముట్టదు, కానీ పక్కన మనం తింటుంటే ఏమనదు. కారం లేకపోతే ఇద్దరికీ ముద్ద దిగదు. నిమ్మరసంలో పచ్చి చేప పెడతారని విన్నా, అది నిజమేనా? ఏది అడగాలి, ఏది అడక్కూడదు, ఎవరైనా వివరంగా చెప్పండి ప్లీజ్.

పాటర్సన్_పక్కింటోడు:

తమ్ముడూ మూడేళ్ళు వాసన పీల్చి వదిలేశావా, పాపం తగుల్తుంది నీకు. నేను ఇక్కడ పదకొండేళ్ళుగా ఉంటున్నా, మా టీమ్‌లో పెరూ రాజధాని లిమా నుంచి వచ్చినాయన ఉన్నాడు, శుక్రవారం మధ్యాహ్నం అయితే మమ్మల్ని లాక్కెళ్ళేది ఇలాంటి చోట్లకే.

ఆ తిరిగే కోడి పేరు పోయో ఆ లా బ్రాసా. రెండు 'ఎల్'లు ఉన్నాయి కదా అని పొల్లో అనకు, పోయో అనాలి. ఇది ఏదో పాత ఇంకా రాజుల కాలం నాటి వంట అనుకునేవాణ్ణి, కాదు, 1950ల్లో మొదలైంది. లిమా శివార్లలో కోళ్ళఫారం పెట్టుకున్న రోజర్ షూలర్ అనే స్విట్జర్లాండ్ ఆయన బొగ్గుల మీద కోళ్ళు కాల్చి అమ్మడం మొదలుపెడితే, ఫ్రాంజ్ ఉల్రిక్ అని ఇంకో స్విస్ ఆయన ఒకేసారి బోలెడు కోళ్ళు తిరిగే మెషిన్ తయారుచేసిచ్చాడు. ఇప్పుడు జులైలో మూడో ఆదివారం దీనికి పెరూలో ఒక దినమే ఉంది. ఊరబెట్టేదాంట్లో సోయా సాస్, వెల్లుల్లి, అజీ పాంకా అని వాళ్ళ ఎండుమిరప, ఇంకా జీలకర్ర పడుద్ది. ఆ జీలకర్ర వల్లే మన ముక్కుకి అది పరాయి వంటలా అనిపించదు, నువ్వు లాండ్రీ దగ్గర నిలబడిపోయేది కూడా దానికే.

పావు, సగం, మొత్తం కోడి అని అమ్ముతారు. మీరెంతమందో చూసుకుని ఒక మొత్తం కోడి చెప్పెయ్, ఫ్రెంచ్ ఫ్రైస్, సలాడ్ దాంతోపాటే వస్తాయి. పావు తీసుకుంటే పియెర్నా కావాలా పెచో కావాలా అని అడుగుతారు, పియెర్నా అంటే లెగ్ పీసు, పెచో అంటే బ్రెస్ట్. నాన్నగారికి పియెర్నా చెప్పు, రెండోది ఎంత బాగా చేసినా కాస్త పొడిపొడిగానే ఉంటది.

బీఫ్ సంగతి జాగ్రత్త. లోమో సాల్తాదో అంటే బీఫే, ఉల్లిపాయ టమాటా సోయా సాస్‌తో పెనం మీద పెద్ద మంటలో ఎగరేసి ఫ్రెంచ్ ఫ్రైస్ కలిపి అన్నంతో ఇస్తారు. అదే పోయో సాల్తాదో అని అడిగితే చికెన్‌తో చేస్తారు, ఆ రసం అన్నంలో కలుపుకుంటే చాలు. అంతికూచోస్ అని పుల్లలకి గుచ్చినవి కనిపిస్తాయి, చికెన్ కబాబ్‌లా ఉంటాయి కానీ అది ఆవు గుండె. మా ఇంకో కొలీగ్ విజయవాడ ఆయన రెండు పుల్లలు లాగించాక అడిగాడు ఏంటిదని, ఆ పూటకి మరి మాట్లాడలేదు.

ఇంకో పెద్ద తిరకాసు. "సిన్ కార్నె" అంటే మాంసం వద్దని అర్థం అని గూగుల్ చెప్తుంది. వాళ్ళ వాడుకలో కార్నె అంటే బీఫ్ అన్నట్టే, కాబట్టి నువ్వు సిన్ కార్నె అంటే పాపం చికెన్ వేసి తెస్తారు. అమ్మగారికి "సిన్ కార్నె, సిన్ పోయో, సిన్ పెస్కాదో, సిన్ వేవో" అని దండకంలా మొత్తం చదవాల్సిందే, పెస్కాదో అంటే చేప, వేవో అంటే గుడ్డు.

నువ్వు తిన్న ఫ్రైడ్ రైస్ చైనాదే, పొరపాటేం లేదు. 1849 నుంచి చైనా కూలీలని పెరూకి తెచ్చారు, చెరుకు తోటల్లో, పక్షిరెట్ట ఎరువు తవ్వే దీవుల్లో పనికి. వాళ్ళ 'చావ్ ఫాన్' అక్కడ చౌఫా అయింది. లిమాలో చైనా హోటల్ని చీఫా అంటారు, సందుకొకటి ఉంటదంట. మా టీమ్ లిమా ఆయనకైతే చౌఫా పరాయి వంట అన్నావంటే కోపం వస్తది.

కరీంనగర్_కాక:

అన్నా గింత రాసినవ్ గానీ అసలు ముచ్చటే చెప్పకపోతివి. ఆ పచ్చ చట్నీ! చిన్న చిన్న ప్లాస్టిక్ డబ్బాలల్ల ఇస్తరు, అజీ వెర్దె అంటరు. ఒక్కటి అడిగితే సరిపోదు, కూసోంగనే నాలుగు చెప్పాలె. దాంట్ల వకతాయ్ అని ఒక ఆకు ఏస్తరు కొందరు, బంతి జాతి మొక్కనే అది, నలిపితే వాసన జర గమ్మతుగ ఉంటది. కారం మీ గుంటూరోళ్ళకి ఆనదు గని నాకు మంచిగనే అనిపిస్తది. నేనైతే ఇంట్ల పెరుగన్నంలకు గూడ తెచ్చుకుంట.

వెజ్_బాధలు:

ఆగండి ఆగండి, ఆ పచ్చ చట్నీలో చాలా హోటళ్ళలో మయొనీజ్ కలుపుతారు, అంటే గుడ్డు. గుడ్డు తినని అమ్మగారికి అడక్కుండా పెట్టకండి. నేను రెండేళ్ళు హాయిగా తిన్నాక తెలిసింది, అప్పటికి ఏం చేస్తాం.

వెజ్ వాళ్ళకి పెరూ హోటల్ అంత కష్టమేం కాదు కానీ అన్నీ పక్క ఐటమ్స్ లోంచి ఏరుకోవాలి. బంగాళాదుంప పుట్టిల్లు అక్కడి ఆండీస్ కొండలే కదా, వేల రకాలు పండిస్తారు, దుంపల మీద పరిశోధన చేసే అంతర్జాతీయ సంస్థ కూడా 1971 నుంచి లిమాలోనే ఉంది. కాబట్టి దుంప ఉన్నచోట మనం బతికేస్తాం. పాపా ఆ లా వాంకాయీనా అడగండి, ఉడకబెట్టిన దుంప చక్రాల మీద పసుపుపచ్చ సాస్ పోసి ఇస్తారు, అజీ అమరీయో అనే వాళ్ళ పసుపు మిరప, చీజ్, డబ్బా పాలు, బిస్కెట్లు కలిపి రుబ్బుతారు. పైన ఉడికిన గుడ్డు సగం ముక్క పెడతారు, అది వద్దని ముందే చెప్పాలి. చల్లగా వస్తుంది, వేడిగా రాలేదేంటని గొడవపడకండి.

యూకా ఫ్రీతా అంటే కర్రపెండలం వేపుడు. చోక్లో కాన్ కేసో ఉంటే వదలొద్దు, గింజ ఒక్కొక్కటి బొటనవేలి గోరంత ఉండే మొక్కజొన్న, పక్కన పచ్చి చీజ్ ముక్క. పండు అరటి వేపుడు ఎలాగూ ఉంటది. తయారీనెస్ వెర్దెస్ అని పాలకూర, బేసిల్‌తో పచ్చ నూడుల్స్ ఉంటాయి, మీద బీఫ్ ముక్క పరిచి ఇస్తారు, అది లేకుండా అడగాలి.

సూప్ మాత్రం వద్దే వద్దు, పేరులో కూరగాయలున్నా అడుగున చికెన్ నీళ్ళే. బీన్స్‌లో ఒక్కోచోట పంది కొవ్వు వేస్తారు, అది అడిగి తీసుకోండి. ఇక వేపుడు నూనె సంగతి మీ అమ్మగారి పట్టింపుని బట్టి, అదే మూకుడులో చికెన్ కూడా వేస్తారు చాలాచోట్ల. మా అత్తగారికి ఆ మాట నేను చెప్పలేదు, మీరు చెప్తారో లేదో మీ ఇష్టం 🙂

వైజాగ్_చేపలరేవు:

పచ్చి చేప అని అలా మొహం పెట్టకండి సార్. సెవీచె అంటారు దాన్ని. తాజా చేప ముక్కల్ని నిమ్మరసం, ఉప్పు, పచ్చిమిరప, ఎర్ర ఉల్లిపాయతో కలిపి పక్కన చిలగడదుంప, మొక్కజొన్న, కాంచా అని వేయించిన మొక్కజొన్న గింజలు పెట్టి ఇస్తారు. నిమ్మ పులుపుకి ముక్క తెల్లగా గట్టిపడుద్ది, ఉడికినట్టే ఉంటది. అడుగున మిగిలిన రసాన్ని లెచె దె తిగ్రె, అంటే పులి పాలు, అంటారు, గ్లాసులో పోసి విడిగా కూడా అమ్ముతారు, మన చేపల పులుసు అడుగులా అసలు రుచంతా అందులోనే ఉంటది. 2023లో యునెస్కో వాళ్ళ జాబితాలోకి కూడా ఎక్కింది. పెరూలో దీన్ని మధ్యాహ్నమే తింటారు, పొద్దున దిగిన చేపని రాత్రిదాకా ఉంచడమేంటని. మా అమ్మ కూడా ఇదే అంటది, రాత్రి తొమ్మిదింటికి చేపలు కొనుక్కొస్తే గుమ్మంలోనే ఆపేస్తది.

కానీ ఒకటి, నిమ్మరసానికి రంగు మారుద్ది గానీ నిప్పు మీద ఉడికితే చచ్చినట్టు సూక్ష్మజీవులు అన్నీ చావవు. పెద్దవాళ్ళకి, కడుపుతో ఉన్నవాళ్ళకి నేనైతే పెట్టను. చేపే కావాలంటే చిచరోన్ దె పెస్కాదో అడగండి, వేపిన చేప ముక్కలు. ఉత్త చిచరోన్ అన్నారనుకో పంది మాంసం వస్తది, చివర పెస్కాదో మర్చిపోవద్దు.

తెనాలి_టు_జెర్సీ:

అందరికీ పేరుపేరునా థాంక్స్, నిన్న సాయంత్రం వెళ్ళొచ్చాం. కాస్త పెద్దగా రాస్తున్నా భరించండి.

దండకం కాగితం మీద రాసుకుని వెళ్ళా. కౌంటర్‌లో ఉండే ఆవిడకి మా అమ్మ వయసే ఉంటది, నేను చదువుతుంటే టీచర్ పాఠం అప్పజెప్పించుకున్నట్టు తలూపుతూ విన్నది. అంతా చదివి వాంకాయీనా దగ్గర సిన్ వేవో చెప్పడం మర్చిపోయా, దుంపల మీద గుడ్డు వచ్చి కూర్చుంది. అమ్మ ఏమీ అనలేదు, ప్లేటు ఒక్క అంగుళం ముందుకు జరిపింది అంతే. ఆవిడ కౌంటర్ నుంచే చూసి, నేను నోరు తెరిచేలోపే ప్లేటు తీసుకెళ్ళి కొత్తది తెచ్చిచ్చింది. బిల్లులో కూడా ఒక్కటే వేసింది.

కర్రపెండలం ముక్క కొరికి అమ్మ "ఇదా, కర్రపెండలం అని ముందే చెప్పొచ్చుగా, పొద్దుట్నుంచి ఏదో యూకా యూకా అని భయపెట్టావు" అని నన్ను తిట్టి మొత్తం తనే తినేసింది. నూనె సంగతి నేనూ చెప్పలేదు.

నాన్న కథ వేరు. కోడి బ్రహ్మాండం, పైన చర్మం నల్లగా మాడినట్టుండి లోపల రసం కారుతుంది, అందులో తిరుగు లేదు. ముందు ఫ్రెంచ్ ఫ్రై ఒకటి పచ్చ చట్నీలో కొస ముంచి నాకాడు. తర్వాత ముక్క ముంచాడు. తర్వాత డబ్బా మొత్తం అన్నం మీద బోర్లించి, పక్కనున్న ఉల్లిపాయ ముక్కలు దాంట్లో వేసి, చెయ్యి పెట్టి కలపడం మొదలెట్టాడు. నేను చుట్టూ చూశా, టీవీలో ఫుట్‌బాల్ వస్తుంది, అందరూ దాంట్లోనే ఉన్నారు. కౌంటర్ ఆవిడ మాత్రం చూసింది. లోపలికెళ్ళి ఇంకో రెండు పచ్చ డబ్బాలు, ఒక ఎర్ర డబ్బా తెచ్చి నాన్న ముందు పెట్టి ఎర్రదాన్ని వేలితో చూపించి నోటి ముందు చెయ్యి ఊపింది, కారం జాగ్రత్త అన్నట్టు. నాన్న ఒక స్పూనుడు వేసుకుని రెండు నిమిషాలు నోరెత్తలా. కళ్ళలో నీళ్ళు. తర్వాత "ఇదిరా కారమంటే, ఇది ముందు తేవాలి" అన్నాడు.

తాగడానికి 'ఇంకా కోలా' అనే వాళ్ళ కూల్‌డ్రింక్ తెప్పించా, 1935 నాటిదంట, పసుపు రంగులో మెరిసిపోతా ఉంది, రుచి అచ్చం బబుల్ గమ్. నాన్న ఒక గుక్క తాగి నా వైపు నెట్టేశాడు. చిచా మొరాదా మాత్రం అందరికీ నచ్చింది, ఊదా మొక్కజొన్నని అనాసతొక్కు, దాల్చినచెక్క, లవంగాలతో కాచి చల్లార్చింది. అమ్మ వాసన చూసి శ్రీరామనవమి పానకంలా ఉందంది. మిరియం లేదు, లవంగం ఉంది, అయినా నాకూ అలానే అనిపించింది.

ఇంతకీ ఆ ఎర్రదాని పేరేంటి, ఎవరికైనా తెలుసా? పొద్దున్నే లేచి ఫోన్ ఇచ్చి కనుక్కోమన్నాడు నాన్న.

పాటర్సన్_పక్కింటోడు:

రొకోటో అయ్యుంటది. చూడ్డానికి చిన్న క్యాప్సికమ్‌లా గుండ్రంగా ఉంటది, చూసి మోసపోవద్దు. కోస్తే గింజలు నల్లగా ఉంటాయి, అదే గుర్తు. పాటర్సన్‌లో పెరూ సరుకుల కొట్లలో ముద్ద చేసి సీసాల్లో అమ్ముతారు, ఫ్రీజర్లో కాయలు కూడా దొరుకుతాయి. నాన్నగారిని తీసుకెళ్ళు, కానీ రోటి పచ్చడి చేస్తానంటే కిటికీలు తీసిపెట్టి అప్పుడు మొదలెట్టమను, మా ఇంట్లో పొగ అలారం మోగింది.

కరీంనగర్_కాక:

సీసా దొరికితే నాకోటి తీస్కో అన్నా, పైసల్ పంపిస్త.