‘కూర్చోడానికి కుర్చీ’లో లేనిది ‘చెయిర్ టు సిట్ ఆన్’లో ఎందుకు?

ప్రశ్న (అమీర్‌పేట నుంచి): డిగ్రీ పిల్లలకు స్పోకెన్ ఇంగ్లీష్ చెబుతుంటాను. ‘ఐ నీడ్ ఎ చెయిర్ టు సిట్’, ‘ఐ హావ్ నో వన్ టు టాక్’, ‘దిస్ ఈజ్ ఎ ప్రాబ్లం టు డీల్’ అంటారు. చివర ఉండాల్సిన ఆన్, టు, విత్ ఎన్నిసార్లు దిద్దినా మళ్ళీ ఎగిరిపోతాయి. అదే పిల్లలు ‘ఐ శాట్ ఆన్ ది చెయిర్’ అని తప్పులేకుండా చెబుతారు. ‘రూల్ అంతే, బట్టీ పట్టండి’ అనడం నాకే నచ్చడం లేదు. తెలుగు వైపు నుంచి నచ్చజెప్పే దారి ఏదైనా ఉందా?

జవాబు: ఉంది మేడమ్. వాళ్ళు తెలుగు వ్యాకరణాన్ని తు.చ. తప్పకుండా పాటిస్తున్నారు, చిక్కంతా అక్కడే.

‘కూర్చున్న కొమ్మను నరుక్కున్నట్టు’ అంటాం. కూర్చున్నది కొమ్మ మీద కదా, మరి ఆ ‘మీద’ ఏది? ‘తిన్న ఇంటి వాసాలు లెక్కపెట్టడం’లో ఇంటిని ఎవరూ తినలేదు, ఇంట్లో తిన్నారు. ‘లో’ ఏమైంది? ‘వచ్చిన పని చూసుకో’ అంటే పని కోసం వచ్చాడని. ‘మనం వచ్చిన బస్సు’ అంటే బస్సులో. ‘వచ్చిన దారి’ అంటే దారి వెంట. ఒక్క ‘వచ్చిన’ చాటున ఇన్ని రకాల సంబంధాలు దాక్కున్నాయి, పైకి ఒక్కటీ కనబడదు. ఎందుకంటే మన విభక్తి నామవాచకాన్ని అంటిపెట్టుకుని ఉంటుంది. ఆ నామం తన చోటు వదిలి ‘కూర్చున్న’, ‘వచ్చిన’ లాంటి క్రియాజన్య విశేషణం పక్కకు వచ్చిందంటే పాత విభక్తిని విడిచేసి, కొత్త వాక్యానికి కావాల్సింది తొడుక్కుంటుంది. పై సామెతలో ‘మీద’ పోయి ‘ను’ వచ్చింది చూడండి. పోయిందేమిటో వినేవాడు సందర్భాన్ని బట్టి పూరించుకోవాలి. ‘నేను వచ్చిన ఊరు’ అన్నప్పుడు ఆ ఊరికి వచ్చానో, ఆ ఊరి నుంచి వచ్చానో మాట ఒక్కటే చెప్పదు.

‘కూర్చోడానికి కుర్చీ’ కూడా ఇదే దారి. మన హైదరాబాద్ మాటలో ‘కూసోనీకి కుర్చీ’, ‘రాయనీకి పెన్ను’ అన్నా అంతే. కుర్చీకి ‘మీద’ లేదు, పెన్నుకు ‘తో’ లేదు.

ఇంగ్లీషులో ‘ఆన్’ నామానికి అతుక్కుని ఉండదు, దాని ముందు విడిగా నిలబడుతుంది. ‘చెయిర్’ లేచి వాక్యంలో ముందుకు పోతే ‘ఆన్’ ఉన్నచోటే మిగిలి, క్రియ పక్కన ఒంటరిగా కనిపిస్తుంది. అలా చివర వదిలేయడం ఒక లోపమని 1672లో కవి డ్రైడెన్ నాటకకర్త బెన్ జాన్సన్‌ని తప్పుపట్టాడు. తర్వాత బిషప్ అయిన లౌత్ 1762లో తన ఇంగ్లీషు వ్యాకరణంలో ఇది ఇంగ్లీషు భాషకు బాగా మొగ్గున్న అలవాటేనని ఒప్పుకుంటూనే, గంభీరమైన రాతకు ‘ఆన్’ను ముందే పెట్టే ‘ఆన్ విచ్’ పద్ధతే మేలన్నాడు. తమాషా ఏమిటంటే ఆ ఒప్పుకున్న మాటలోనే ఒక ‘టు’ను చివర వేలాడదీశాడు. మీ పిల్లలు వీళ్ళిద్దరి జోలికి పోనక్కర్లేదు. ‘చెయిర్ టు సిట్ ఆన్’ మామూలు, మంచి ఇంగ్లీషు.

మరొకరు: సార్, పాతబస్తీ దిక్కు ఉర్దూల సుత గంతే. ‘బైఠ్నే కూ కుర్సీ నై’ అంటరు, ‘మీద’ అనే ‘పర్’ యాడ ఉండదు. మా పోరగాండ్లకు ఇంట్ల తెలుగు, గల్లీల ఉర్దూ. రెండిట్ల లేని ‘ఆన్’ ఇంగ్లీష్ల యాడికెల్లి వస్తది?

ప్రశ్న అడిగినవారు: భలే పట్టుకున్నారు. ‘సిట్ ఆన్’ వరకు అర్థమైంది. కానీ ‘పుట్ ఆఫ్’, ‘ఫిల్ ఇన్’, ‘లుక్ ఆఫ్టర్’, ‘లుక్ అప్ టు’ లాంటి జంట క్రియలు వచ్చేసరికి వాళ్ళకు రెండు రకాల తప్పులు. ఒకసారి ముక్క ఎగిరిపోతుంది. ఇంకోసారి ‘ఫారమ్స్ టు ఫిల్ దెమ్ ఇన్’ అని మధ్యలో ‘దెమ్’ వచ్చి చేరుతుంది.

జవాబు: ముక్క సంగతి తేలిక. ‘పుట్ ఆఫ్’లో ‘ఆఫ్’ క్రియలో భాగం, అది పోతే వాయిదా వేయడమన్న అర్థమే పోతుంది. ‘సమ్‌వన్ టు లుక్ అప్ టు’లో ముక్కలు రెండు. ‘అప్’ క్రియది, ‘టు’ ఆ మనిషిది. రెండూ ఉంటేనే గౌరవంతో చూడదగిన మనిషి, లేకపోతే ఉత్తి చూపు. ‘చెయిర్ ఆన్ విచ్ టు సిట్’ అన్నట్టు ఈ రెంటినీ ముందుకు లాగడం కూడా కుదరదు. ‘సమ్‌వన్ అప్ టు హూమ్ టు లుక్’ అంటే ఏ ఇంగ్లీషువాడూ ఒప్పుకోడు.

‘దెమ్’ గొడవకు అసలు కారణం, నామం తర్వాత వచ్చే ‘టు’ రెండు రకాలు కావడం. తెలుగు ఆ తేడాను చక్కగా చూపిస్తుంది. ‘ఎ మీటింగ్ టు పుట్ ఆఫ్’ అంటే వాయిదా వేయాల్సిన మీటింగ్. ‘ఎ డెసిషన్ టు పుట్ ఆఫ్ ది మీటింగ్’ అంటే మీటింగ్‌ను వాయిదా వేయాలనే నిర్ణయం. మొదటిదానిలో ‘ఆల్సిన’, రెండోదానిలో ‘ఆలనే’. వాయిదా పడేది మీటింగే, నిర్ణయం కాదు. కాబట్టి మొదటి వాక్యంలో కర్మ ముందే వచ్చేసింది, క్రియ తర్వాత ‘ఇట్’, ‘దెమ్’ పెడితే రెండోసారి చెప్పినట్టు. రెండోదానిలో కర్మను తప్పక చెప్పాలి. దాన్ని సర్వనామంగా చెబితే ‘డెసిషన్ టు పుట్ ఇట్ ఆఫ్’ అని మధ్యలోనే పెట్టాలి, ‘పుట్ ఆఫ్ ఇట్’ అనరాదు. ‘లుక్ ఆఫ్టర్’ మాత్రం విడిపోదు, ‘లుక్ ఆఫ్టర్ హర్’ అనే అనాలి. మీ పిల్లల ఫారాలు ‘నింపాల్సిన’ రకం. అందుకే ‘ఫారమ్స్ టు ఫిల్ ఇన్’ దగ్గర ఆగిపోవాలి.

క్లాసులో నేనైతే ఒక్క ఉదాహరణ మీదే గంటసేపు నిలబడతాను. ‘షి నీడ్స్ సమ్‌వన్ టు లుక్ ఆఫ్టర్ హర్’ అంటే ఆవిడను చూసుకోవడానికి ఒకరు కావాలి. ‘షి నీడ్స్ సమ్‌వన్ టు లుక్ ఆఫ్టర్’ అంటే ఆవిడే ఎవరినైనా చూసుకోవాలనుకుంటోంది. ఒక్క ‘హర్’తో సేవ చేసేవారూ చేయించుకునేవారూ తారుమారయ్యారు. ఇంట్లో పెద్దావిడకు కేర్‌టేకర్ కావాలని ప్రకటన రాసేవారు ఆ ‘హర్’ మరిచిపోతే కథ అడ్డం తిరుగుతుంది! తెలుగులో ఆ పని ‘ను’ చేస్తుంది. ‘నన్ను చూసుకోవడానికి ఎవరూ లేరు’, ‘నేను చూసుకోవడానికి ఎవరూ లేరు’ అన్న రెండూ బోర్డు మీద రాసి, వాటికి ఇంగ్లీషు చెప్పమనండి.

ఇంకొకరు: అన్నిటికీ ‘అనే’ రాదు కదండీ. ‘ఎ చాన్స్ టు స్పీక్ అప్’ని ‘నోరు విప్పే అవకాశం’ అంటాం, ‘నోరు విప్పాలనే అవకాశం’ అనం. ‘పర్మిషన్’, ‘టైమ్’ కూడా అంతే.

జవాబు: నిజమే. ‘అనే’ నిర్ణయం, కోరిక, ఆలోచన, పట్టుదల లాంటి మనసులోని మాటలకే బాగా పనికొస్తుంది. మిగతావాటికి నామాన్ని తీసుకెళ్ళి క్రియ తర్వాత పెట్టి చూడటమే పద్ధతి. ‘స్పీక్ అప్ ఎ చాన్స్’ కుదరదు, కాబట్టి అది కర్మ కాదు. ‘ఫిల్ ఇన్ ది ఫారమ్స్’ కుదురుతుంది. ‘ప్లేస్’ ఒక్కటి కొంచెం పెంకి పదం. ‘ఎ ప్లేస్ టు లివ్’ అన్నా సరే, చివర ‘ఇన్’ తగిలించినా సరే. అక్కడ దిద్దకండి.

ప్రశ్న అడిగినవారు: ఈ వరసలో పోయినవారం నుంచి చెబుతున్నాను. చూసుకోవడం ఉదాహరణకు క్లాసంతా నవ్వింది. ‘ఆన్’, ‘విత్’ వస్తున్నాయి కూడా. ఇప్పుడు కొత్త బెడద ఏమిటంటే ‘టాపిక్స్ టు డిస్కస్ అబౌట్’ అంటున్నారు!

జవాబు: అది మన ‘గురించి’ మహిమ. ‘ఆ విషయం గురించి చర్చించాం’ అంటాం కాబట్టి ‘అబౌట్’ వచ్చి కూర్చుంది. మళ్ళీ అదే పద్ధతి, టాపిక్‌ను వెనక్కి పంపించండి. ‘డిస్కస్ ది టాపిక్’లో ‘అబౌట్’ లేదు, కాబట్టి వదిలి రావాల్సిందీ ఏమీ లేదు. ‘టాక్ అబౌట్ ది టాపిక్’లో ఉంది, కాబట్టి ‘టాపిక్స్ టు టాక్ అబౌట్’. ఈ రెండూ పక్కపక్కన రాయించండి. ఆ తర్వాత ‘ఆర్డర్’, ‘రిక్వెస్ట్’, ‘ఎంటర్’లతో కూడా చేయించండి. ‘థింగ్స్ టు ఆర్డర్ ఫర్’ మీ క్లాసులో ఇప్పటికే ఎవరో అనే ఉంటారు.