ఫోన్ స్క్రీన్ మీద ఇంకాస్త ఎక్కువ పట్టించడం ఎలా?

నా ఆండ్రాయిడ్ ఫోన్‌లో అన్నీ పెద్దపెద్దగా కనిపిస్తున్నాయండీ. చాట్ తెరిచి కీబోర్డు పైకొస్తే మిగిలేది రెండు మెసేజ్‌లే! డిస్‌ప్లే సైజు, ఫాంట్ సైజు రెండూ చివరికంటా తగ్గించేశాను. ఫాంట్ తగ్గిస్తే అక్షరాలే చిక్కిపోయాయి (తెలుగు వత్తులైతే చీమల్లా ఉన్నాయి).

దాంతో ఫాంట్ మళ్లీ మామూలుగా పెట్టేసి, సెట్టింగ్స్‌లో బిల్డ్ నంబర్ మీద 7 సార్లు నొక్కి డెవలపర్ ఆప్షన్స్ (మామూలుగా కనిపించని అదనపు సెట్టింగ్స్) తెరిచాను. అక్కడ 'స్మాలెస్ట్ విడ్త్' 360 డీపీ అని ఉంది (డీపీ అంటే స్క్రీన్ మీది సైజుల కొలత; ఈ అంకె పెంచేకొద్దీ అన్నీ చిన్నగా కనిపిస్తాయి). 411 చేస్తే ప్రాణం లేచొచ్చింది. ఆశకొద్దీ 480 పెట్టాను. నా స్క్రీన్ వెడల్పు 1080 పిక్సెల్స్ కాబట్టి, డెన్సిటీ (అంగుళానికి ఎన్ని చుక్కలని ఫోన్ లెక్కేసుకునే అంకె) 480 నుంచి 360కి దిగినట్టు లెక్క. చాట్ లిస్టులో ఇంకో మూడు పేర్లు కనిపిస్తున్నాయి గానీ, కీబోర్డులో 'క' నొక్కితే పక్కదేదో పడుతోంది.

కీబోర్డును మాత్రమే పెద్దది చేసుకునే దారుందా? 600 పెడితే యాప్‌లు ట్యాబ్లెట్ లేఅవుట్‌కి మారిపోతాయట, చిన్న ఫోన్‌లో అలా వాడుతున్నవాళ్లు ఎవరైనా ఉన్నారా? ఒకవేళ ఏమీ నొక్కలేనంత చిన్నగా అయిపోతే వెనక్కి రావడం ఎలా? ఏడీబీలో (కంప్యూటర్ నుంచి ఫోన్‌కి కమాండ్లు పంపే టూల్) 'డబ్ల్యూఎం డెన్సిటీ రీసెట్' కొడితే సరిపోతుందని తెలుసు, కానీ నా దగ్గర కంప్యూటర్ లేదు.