తల్లి కువైట్ వెళ్తోంది: 8 నెలల పాపని అమ్మమ్మకి ఎలా మాలిమి చేయాలి?

లంక_ఆశా:
కోనసీమ లంక గ్రామాల్లో ఆశా వర్కర్‌నండి. ఇంటిపనికి గల్ఫ్ వెళ్లే తల్లులు ఇక్కడ మామూలే. ఇప్పుడొక ఇంట్లో పాపకి 8 నెలలు, ఇంకా తల్లిపాలే. ప్రయాణానికి 5 వారాలుంది, చూసేది అమ్మమ్మ. తండ్రి రొయ్యల చెరువుల మీద పని, రాత్రి కాపలా. "ఊహ తెలియకముందే వెళ్లిపోతే బెంగ పెట్టుకోదు, నిద్రలో ఉండగా బయల్దేరు" అంటున్నారు ఇంట్లో పెద్దవాళ్లు. ఇది సరైనదేనా? ఈ 5 వారాల్లో ఏం చేయించాలి?

పసిపిల్లల_డాక్టర్:
ఆ మాట 3 నెలల పిల్లకి కొంతవరకు నప్పుతుందేమో గానీ 8 నెలలకి నప్పదు. పుట్టిన బిడ్డకే తల్లి గొంతు, వాసన తెలుసు. 20-30 సెంటీమీటర్ల దూరంలో, అంటే పాలు తాగుతూ చూసేంత దూరంలో, ముఖం ఆనుతుంది. 6-8 వారాలకి మనిషిని చూసి నవ్వుతుంది. అయినా అప్పట్లో ఎవరెత్తుకున్నా ఊరుకుంటుంది. 7వ నెల దాటాక "ఈ మనిషే కావాలి" అనేది మొదలవుతుంది, కొత్త చేయడం కూడా అప్పుడే. గిలక్కాయ మీద తువ్వాలు కప్పితే లాగి వెతికే వయసు అది. కనబడని అమ్మనీ అలాగే వెతుకుతుంది. ఈ బెంగ 10 నుంచి 18 నెలల మధ్య బాగా ముదురుతుంది, మీరు చెప్పిన ప్రయాణం సరిగ్గా దాని ముంగిట్లో పడుతోంది. వాయిదా కుదురుతుందా అని ముందు అడగండి.

కుదరకపోతే, నిద్రలో మాత్రం వెళ్లనివ్వొద్దు. కళ్లు తెరిచేసరికి అమ్మ లేకపోతే పిల్ల నిద్రకే భయపడుతుంది. తర్వాత అమ్మమ్మ పెరట్లోకి వెళ్లినా కొంగు వదలదు. మెలకువగా ఉండగా ఎత్తుకుని, ముద్దుపెట్టి, "వెళ్తున్నానమ్మా" అని చెప్పి అమ్మమ్మ చేతికివ్వాలి. ఏడుస్తుంది. ఏడవనివ్వండి, ఓదార్చే ఒళ్లు పక్కనే ఉందిగా.

పాలకొల్లు_వాసి:
పాలు పట్టేవాళ్లకే పాప మాలిమి అవుతుందండి. సీసా అలవాటు చేసేస్తే సరి, ఇంత ఆలోచన దేనికి?

తల్లీబిడ్డల_నర్సు:
పాలతోనే మాలిమి అయిపోదండి. 1950ల చివర్లో అమెరికాలో హ్యారీ హార్లో అనే మనస్తత్వవేత్త కోతిపిల్లల ముందు రెండు బొమ్మ తల్లుల్ని పెట్టాడు. పాలసీసా తీగబొమ్మకి ఉన్నా, పిల్లలు ఎక్కువసేపు కరుచుకున్నది మెత్తటి గుడ్డబొమ్మనే. 1964లో షాఫర్, ఎమర్సన్ అనే పరిశోధకులు స్కాట్లాండ్‌లోని గ్లాస్గోలో 60 మంది పసివాళ్లని గమనించి రాసింది కూడా ఇదే దారి: ఏడిస్తే వెంటనే పలికేవాళ్లకి, ఆడించేవాళ్లకి పిల్లలు దగ్గరయ్యారు, పాలు పట్టేది వేరొకరైనా సరే. అమ్మమ్మకి ఇది మంచి వార్తే.

ఇక 5 వారాల లెక్క. మొదటి రెండు వారాలు తల్లి ఎదురుగానే ఉంటుంది, నూనె రాసి నీళ్లు పోయడం, గుజ్జన్నం తినిపించడం, ఏడిస్తే ఎత్తుకోవడం అమ్మమ్మ చేస్తుంది. చాలామంది తప్పేది ఇక్కడే: పాప ఏడవగానే తల్లి లాగేసుకుంటుంది, అమ్మమ్మ ఓదార్చడం నేర్చుకునే సందే ఉండదు. మూడో వారం తల్లి చెప్పి బయటికెళ్లాలి, మొదట 10 నిమిషాలు, తర్వాత అరగంట, గంట. నాలుగో వారం పూటంతా. పడక కూడా అప్పుడే మార్చండి, చివరి వారానికి ఉంచొద్దు. రాత్రి ఉలిక్కిపడి లేచినప్పుడు చెయ్యి వేసేది ఎవరన్నదే అసలు పరీక్ష.

తల్లిపాలు మాన్పించడం ఈరోజే మొదలుపెట్టి 4-5 రోజులకి ఒక పూట చొప్పున తగ్గించాలి. వేపాకు ముద్ద రాసి ఒక్కసారిగా మాన్పిస్తే తల్లికి రొమ్ములు గడ్డకట్టి జ్వరం, పిల్లకి ఒకే వారంలో రెండు దెబ్బలు. ఏడాది నిండలేదు కాబట్టి బదులు ఏ పాలు, ఎంత అన్నది పిల్లల డాక్టర్‌తోనే రాయించండి.

తల్లి కట్టి విడిచిన చీర ఒకటి ఉతక్కుండా ఉంచి అమ్మమ్మ భుజాన వేసుకోవాలి. పాప పడుకున్నచోట వదులుగా పెట్టొద్దు, ముఖం మీద పడితే ఊపిరాడదు.

లంక_ఆశా:
ఇంత వివరంగా చెప్పినందుకు చాలా థాంక్సండి. అత్త, పిన్ని కూడా వంతులవారీగా చూస్తామంటున్నారు. వీడియో కాల్ సంగతేంటి?

పసిపిల్లల_డాక్టర్:
వంతులు వద్దు. ముఖ్యమైన మనిషి ఒక్కరే ఉండాలి, మిగతావాళ్లు సాయం. తండ్రిని మాత్రం వదలకండి: కాపలాకి వెళ్లేముందు రోజూ ఒకే వేళకి 20 నిమిషాలు ఆడిస్తే చాలు, రెండో ఆసరా అవుతాడు.

కాల్ పాప నిద్ర లేచి, తిని హుషారుగా ఉన్నప్పుడు చేయాలి. కువైట్ మనకంటే రెండున్నర గంటలు వెనక, మనకి ఉదయం 9:30 అయితే అక్కడ 7. ఐదు నిమిషాలు చాలు. తల్లి కొంగు చాటున ముఖం దాచి "బూ" అంటే ఇక్కడ అమ్మమ్మ పాప పొట్ట మీద చక్కిలిగింత పెట్టాలి. తెరలో ముఖం ఒక్కటే ఆ వయసుకి అందదు. మొదటి వారం కాల్ అయ్యాక ఏడుపు పెరిగిందని ఆపేయొద్దు.

అసలు భయపడాల్సింది ఏడుపుకి కాదు. తల్లికి దూరమైన పిల్లల్లో జేమ్స్ రాబర్ట్‌సన్ అనే బ్రిటన్ పరిశోధకుడు గమనించిన వరస ఇది: ముందు గట్టిగా ఏడుపు, తర్వాత దిగులుగా ముడుచుకోవడం, చివరికి అమ్మని పట్టించుకోకపోవడం. రెండోదాన్ని చూసే "సర్దుకుంది, బుద్ధిగా ఉంటోంది" అని మురిసిపోతుంటారు. తిండి తగ్గినా, బరువు పెరగకపోయినా, నవ్వించినా నవ్వకపోయినా ఆర్‌బీఎస్‌కే (పిల్లలకి ఆరోగ్య పరీక్షలు చేసే ప్రభుత్వ పథకం) బృందానికి చూపించండి.

తల్లీబిడ్డల_నర్సు:
ఒకటి కలుపుతాను. తల్లి సెలవు మీద వచ్చినప్పుడు పాప అమ్మమ్మ వెనక దాక్కుంటుంది. "నన్ను మర్చిపోయింది" అని అప్పుడే ఎత్తుకుని గుండెకి హత్తుకోవద్దని ఇప్పుడే చెప్పి పంపండి. నేలమీద కూర్చుని బొమ్మ చేతిలో పట్టుకుంటే పాపే దగ్గరికొస్తుంది, గంటకో, నాలుగు రోజులకో. ఆ రోజుల్లో అమ్మమ్మని వేరే ఊరు పంపేయకండి. పాపకి ఇప్పుడు ఆవిడా అమ్మే.