ఫాల్కే బఠానీ మొక్క ప్రయోగం స్కౌట్ పిల్లలతో: ఫోన్‌తో ఎట్ల తీయాలె?

దేవరకొండ స్కౌట్‌మాస్టర్:
నవంబర్ 7 భారత్ స్కౌట్స్ అండ్ గైడ్స్ వ్యవస్థాపక దినానికి మా హైస్కూల్ ట్రూప్ తొలి సినిమాల మీద ప్రదర్శన పెడుతున్నది. 'రాజా హరిశ్చంద్ర' (1913) సినిమాకు ముందు దాని దర్శకుడు దాదాసాహెబ్ ఫాల్కే కుండీల బఠానీ మొక్క పెరుగుడు ఒక్కో ఫ్రేమ్ చొప్పున తీసి, అది చూపించి పెట్టుబడి తెచ్చుకున్నడు గదా. పిల్లలు అదే తీస్తామంటున్నరు. ఎన్ని నిమిషాలకో ఫొటో తీయాలె? ఇంకోటి, మూకీ సినిమాలల్ల మనుషులు ఉరికినట్టు ఎందుకు కనిపిస్తరు?

మిర్యాలగూడ అన్న:
సార్, బఠానీ కంటే బొబ్బర్లు నయం, మన వేడికి తొందరగా మొలుస్తయి. రాత్రి నానబెట్టి, 2 సెంటీమీటర్ల లోతున నాలుగైదు గింజలు పెట్టండి. 10 నిమిషాలకో ఫొటో అంటే 5 రోజులకు 720. సెకనుకు 12 చొప్పున నడిపితే సరిగ్గా ఒక నిమిషం.

చెడేది వెలుతురు దగ్గరనే. కిటికీ ఉంటే పగలు, రాత్రి మారి బొమ్మ మినుకుమంటది. గది చీకటి చేసి, ఎల్‌ఈడీ బల్బులు రెండు వైపులా పెట్టండి, ఒకవైపే పెడితే మొక్క అటే వంగుతది. ఫోన్‌ల ఫోకస్, ఎక్స్‌పోజర్ (ఫొటోకు అందే వెలుతురు మోతాదు) రెండూ లాక్ చేయాలె. కుండీని ఫ్రేమ్‌ల అడుగున పెట్టి పైన మూడింట రెండొంతులు ఖాళీ వదలండి, లేకుంటే నాలుగో రోజుకే మొక్క ఫ్రేమ్ దాటిపోతది. నీళ్లు చెంచాతోనే పోయాలె, కుండీ ఇసుమంత కదిలినా బొమ్మ ఎగురుతది. కరెంటు పోతదని బల్బులకు ఇన్వర్టర్, ఫోన్‌కు పవర్ బ్యాంకు ముందే చూసుకోండి.

నల్లగొండ ఆపరేటర్:
అప్పట్ల కెమెరా పిడి చేత్తోని తిప్పేటోళ్లు, సుమారు సెకనుకు 16 ఫ్రేములు. దాన్ని ఇప్పటి లెక్కల సెకనుకు 24తో నడిపితే ఒకటిన్నర రెట్లు వేగం, అందుకే ఉరికినట్టు కనిపిస్తరు. ప్లేయర్‌ల వేగం 0.67 పెట్టండి, ఆ అంకె లేకుంటే 0.75. కానీ కొన్ని కాపీలు ముందే సరిచేసి ఉంటయి, వాటి వేగం ఇంకా తగ్గిస్తే ఈడ్చినట్టయితయి. మనిషి కూర్చునే షాట్ చూస్తే తెలిసిపోతది.

పాలమూరు పాఠకుడు:
చార్టు మీద మన దేశంల స్కౌటింగ్ 1909ల మొదలైందని ఒక్కటే రాయకండి. ఆ తొలి ట్రూపులల్ల భారతీయ పిల్లలకు చోటు లేదు. 1916ల మద్రాసుల అనీ బీసెంట్ పెట్టిన సంఘంతోని మన పిల్లలకు తలుపు తెరిచిండ్రు. 1918ల అలహాబాద్‌ల సేవా సమితి స్కౌట్లు మొదలైండ్రు. మన దిక్కు సినిమా ముచ్చట కావాలంటే, 1920లల్ల బెంగాలీ దర్శకుడు ధీరేన్ గంగూలీ హైదరాబాద్‌ల నడిపిన లోటస్ ఫిల్మ్ కంపెనీ గురించి తప్పక పెట్టండి.