పురుషోత్తమ చౌదరి కీర్తనల సాయంకాలం – పర్లాకిమిడి ఏర్పాట్లు

కార్యక్రమ బాధ్యులు:

సోదర సోదరీలకు వందనాలు. తెలుగు రాష్ట్రాల బయట పనిచేసే మన సంఘానికి ఈ కార్యక్రమాన్ని బరంపురంలో జరపడమే సులువు. అయినా పర్లాకిమిడిలోనే జరపాలని పెద్దలు తేల్చారు. నాకూ అదే సబబుగా తోచింది. 1803లో ఈ ప్రాంతంలో, వంగదేశం నుంచి వచ్చి స్థిరపడిన బ్రాహ్మణ కుటుంబంలో పుట్టిన పురుషోత్తమ చౌదరి గారు క్రైస్తవులై, బోధకులై, 1890లో కన్నుమూసే నాటికి తెలుగు సంఘాలకు విడదీయరాని కీర్తనలు ఇచ్చి వెళ్లారు. ఆయన కాలంలో మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్న ఈ ఊరు 1936లో ఒరిస్సాలో చేరింది. అందువల్లనో ఏమో, ఆయన పాటలు రోజూ పాడుకునే గుంటూరు, కాకినాడ వాళ్లలో చాలామందికి ఆయన మన గంజాం వైపు మనిషని తెలియదు.

ఉపన్యాసాలు రెండింటికి మించకూడదని నా మనవి. యేసు నాయక శతకం గురించి ఒకరు, కులాచారాలను విమర్శిస్తూ ఆయన రాసిన గ్రంథం గురించి ఒకరు మాట్లాడితే చాలు. మిగిలిన సమయమంతా పాటకే ఇవ్వాలి. పాడేటప్పుడు పల్లవీ మొదటి చరణమూ పాడి ఆపేసే ఇప్పటి అలవాటును ఆ ఒక్క పూటకైనా పక్కన పెట్టి, ప్రతి కీర్తననూ చివరి చరణం వరకు, కీర్తనల పుస్తకంలో పాట పైన అచ్చయిన రాగతాళాలలోనే పాడాలి. నా చిన్నతనంలో మా మందిరంలో గోడకు చెక్క పలక ఉండేది. ఆనాటి కీర్తనల సంఖ్యలున్న అట్టముక్కలను సంఘపెద్ద దాని గాడిలోకి ఒక్కొక్కటే జరుపుతూ ఉంటే, చాపల మీద కూర్చున్న పిల్లలం ఏ పాట వస్తుందో ముందే గుసగుసలాడుకునేవాళ్లం. హార్మోనియం వాయించే ముసలాయనకు చూపు ఆనదు. పుస్తకం తెరిచి ముందు పెట్టుకునేవారు గాని అందులోకి చూసేవారు కారు. ‘త్రాహిమాం క్రీస్తునాథ’ అని ఆయన ఎత్తుకోగానే ఆడవాళ్ల వైపు నుంచి మా నాయనమ్మ గొంతు అందరికంటే అర క్షణం ముందు అందుకునేది. ఆవిడకు చదువు రాదు. కానీ చరణాలన్నీ వచ్చు. త్రాహి, దేహి అని పంక్తుల రెండో అక్షరం కలిసే ఆ ప్రాస వల్లే పాట అంతగా నోట నిలిచిందని నాకు చాలా ఏళ్ల తర్వాత అర్థమైంది.

అందుచేత కీబోర్డులోని తయారు తాళాలు వద్దు. హార్మోనియం, తబలా, చేతితాళాలు చాలు.

ముద్రణ బాధ్యులు (గుణుపురం):

వందనాలండీ. వాద్యాల మాటకు నేను పూర్తిగా ఒప్పుకుంటున్నాను. అయితే నా చిక్కు వేరు. మా ఆదివారపు బడి పిల్లలు ఇంట్లో తెలుగే మాట్లాడతారు గాని, బడిలో ఒడియా చదువుతున్నందున తెలుగు అక్షరాలు చదవలేరు. పాటల పత్రంలో ఎడమ వైపు పెద్దల కోసం పెద్ద అక్షరాల తెలుగూ, కుడి వైపు అవే మాటలు ఒడియా లిపిలోనూ వేయాలని నా ఆలోచన. ఇంగ్లీషు అక్షరాలలో వేద్దామని కొందరు అన్నారు. అందులో త, ట ఒకటైపోతాయి, ణ, ళ కనబడకుండా పోతాయి గనుక నేను ఒప్పుకోలేదు. ఒడియాలో ఈ అక్షరాలన్నీ ఉన్నాయి. ఎ, ఏ లకూ ఒ, ఓ లకూ మాత్రం అక్కడ వేర్వేరు గుర్తులు లేవు. పాటలో హ్రస్వం దీర్ఘమైతే తాళం తప్పుతుంది కాబట్టి, దీర్ఘం పలకవలసిన చోట అక్షరం కింద చిన్న గీత పెట్టించి, అచ్చుకు ఇచ్చే ముందు ఇద్దరు పిల్లల చేత చదివించి చూస్తాను.

కార్యక్రమ బాధ్యులు:

ఈ ఆలోచన ఎంతో బాగుంది, అలాగే కానిద్దాం. ఖర్చు పెరిగినా ఫరవాలేదు, ఫ్లెక్సీలు తగ్గించుకుందాం. పాడిన పిల్లలకు బహుమతిగా ప్లాస్టిక్ కప్పులకు బదులు పర్లాకిమిడి కొమ్ము పనివారు చేసిన చిన్న బొమ్మలు ఇద్దాం. పదిమందికి పని దొరుకుతుంది, ఊరి పేరూ నిలుస్తుంది. ఉప్మా, టీ బాధ్యత స్త్రీల సమాజం వారు ఇప్పటికే తీసుకున్నారు.

బరంపురం నుంచి వచ్చేవారు పలాస వరకు రైలులో వచ్చి అక్కడి నుంచి బస్సు పట్టుకోవచ్చు. గుణుపురం వారికి నౌపడా వైపు వెళ్లే రైలు నేరుగా ఉంది. రాయగడ, జయపురం సంఘాల నుంచి ఎవరైనా వృద్ధ గాయకులు వస్తానంటే, వారిని వెంటబెట్టుకుని తీసుకురాగలిగిన యువకులు ఇక్కడే తెలియజేయండి. తబలా వాయించేవారు ఇంకా దొరకలేదు. ‘నీ చరణములే నమ్మితి’ కీర్తనను విలంబంగా, అంటే నెమ్మది నడకలో, నడిపించగలిగిన వారు మీ ఎరుకలో ఉంటే, పత్రం అచ్చుకు వెళ్లేలోగా చెప్పండి, వారితో ఒకసారి పాడి చూసుకున్నాకే కీర్తనల వరుస ఖాయం చేద్దాం.